మన పిల్ల పలక మీద ఏముంది?

(అనకాపల్లికి దగ్గర్లోని ఒక పేటలో, అంబేద్కర్ బొమ్మ దగ్గర రాత్రిపూట జరిగిన సమావేశంలో ఒక రిటైర్డ్ టీచరు చేసిన ప్రసంగం ఇది. తల్లులు, సంఘం కార్యకర్తలు విన్నారు. ఆమె మాట్లాడిన తీరును వీలైనంతవరకు అలాగే ఉంచాం.)



అంబేద్కర్ గారి విద్యా దృక్పథం మీద మాట్లాడమన్నారు మన సంఘం కుర్రాళ్లు. పెద్ద మాట అది. నాకు తెలిసింది ఒకటో తరగతి. ముప్పై మూడేళ్లు పంతులమ్మగా చేశాను, అందులో ఇరవయ్యేళ్లకి పైన ఒకటో తరగతే. "సీనియర్ టీచరు కదా, అయిదో తరగతి తీసుకోండి" అన్నవాళ్లున్నారు. నేను తీసుకోలేదు. చాలా బళ్లలో అన్నిటికన్నా చీకటి గదిని, అందరికన్నా కొత్త టీచరుని, లేదంటే ఎందుకూ పనికిరాడనుకున్న టీచరుని ఒకటో తరగతికి ఇస్తారు. మన పిల్లల బతుకు తేలేది ఆ గదిలోనే. అందుకే ఈ రాత్రి ఆ గది సంగతే చెప్తాను. అంబేద్కర్ గారు దారిలో తగుల్తారు.

మన సభల్లో చదువు మాట వస్తే ఎక్కడ మొదలుపెడతాం? రిజర్వేషన్లు, బ్యాక్‌లాగ్ పోస్టులు, హాస్టళ్లు, స్కాలర్‌షిప్పులు. అన్నీ కావలసినవే, వాటికోసం కొట్లాడవలసిందే. కాని వీటిలో చాలామటుకు పదో తరగతి దాటినవాడికి అందేవి. పదో తరగతి దాకా రాని పిల్లని ఎక్కడ పోగొట్టుకున్నామో మనం వెతికామా? "ఏడులో మానేసింది", "తొమ్మిదిలో మానేశాడు" అంటాం. మానేసింది ఏడులోనే, కాని చదువు ఆగిపోయింది ఒకటిలో. ఒకటో తరగతిలో చదవడం పట్టుబడని పిల్ల, తరవాత ఆరేళ్లూ పక్కపిల్ల పుస్తకం చూసి రాస్తుంది. ఆ సంగతి ఇంట్లోవాళ్లకి తెలీదు. ఎందుకు తెలీదు? పలక నిండా అక్షరాలు కనపడతాయి కాబట్టి.

నేను 1963లో ఒకటో తరగతిలో చేరాను. ఊరి పేరు చెప్పను, పంతులు పేరూ చెప్పను. రామకోవెల పక్కన పాక, అదే బడి. ఊరి పిల్లలు లోపల. పేట పిల్లలం ఆరుగురం గుమ్మం బయట, చూరు కింద. పంతులు నా పలక ముట్టుకునేవాడు కాదు. పలక నేల మీద పెట్టి నేను వెనక్కి జరగాలి. ఆయన వంగి చూసి, బెత్తం కొసతో తప్పు చూపించేవాడు. బెత్తం కొసతో అక్షరాలు నేర్చుకున్నదాన్ని నేను. వానొస్తే చూరు నీళ్లకి రాసిందంతా చెరిగిపోయేది. "రాయలేదేటే" అని ఇంకో దెబ్బ.

అంబేద్కర్ గారి సంగతి మీకు తెలుసు. చిన్నప్పుడు సతారాలో చదువుకునేటప్పుడు గదిలో ఓ మూల విడిగా గోనెపట్టా మీద కూర్చునేవాడు. గది తుడిచే మనిషి ఆ పట్టా ముట్టుకోడు. సాయంత్రం ఇంటికి మోసుకెళ్లి, పొద్దున్న మళ్లీ మోసుకురావాలి. దాహమేస్తే ప్యూను వచ్చి కుళాయి తిప్పాలి. ప్యూను రాకపోతే నీళ్లు లేవు. అంత చదువు చదివిన మనిషి, పెద్దయ్యాక తన కథ రాసుకుంటూ ఆ గోనెపట్టాని మర్చిపోలేదు. చిన్న తరగతి అంత లోతుగా దిగబడుతుంది మనిషిలో.

ఇప్పుడలా లేదు కదా అంటారు. నిజమే. పిల్లలందరికీ ఒకటే బెంచీ. బెత్తం కూడా పోయింది. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో 17వ సెక్షను, పిల్లల్ని కొట్టకూడదు, మనసు కష్టపెట్టకూడదు అంటుంది. కాని మీరెప్పుడైనా ఒకటో తరగతి గదిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చున్నారా? ఏ పిల్ల ముందు బెంచీలో, ఏ పిల్ల గోడ వార? టీచరు ఎవరి పేరు పిలిచి అడుగుతుంది, ఎవర్ని "ఒరే, ఆ చివర" అంటుంది? చాక్‌పీసు ఎవరు తెస్తారు, చీపురు ఎవరికిస్తారు? చూరు కింద కూర్చోబెట్టడం పోయింది. గది లోపలే చూరు తయారైన చోట్లు నేను చూశాను.

ముందు మాట సంగతి చెప్తాను.

ఆరేళ్ల పిల్ల బడికొచ్చేసరికి ఎన్ని మాటలు వచ్చు దానికి! ఆవుకీ, మేకకీ, చేపకీ, చెట్టుకీ, చుట్టరికాలకీ, తిట్లకీ అన్నిటికీ మాటలున్నాయి. బళ్లో మొదటిరోజు టీచరు అడుగుతుంది: "నీ పేరేమిటి?" పిల్ల అంటుంది: "నాను నూకాలమ్మని." వెంటనే టీచరు: "నాను కాదు, నేను అను." "మీ నాన్న ఏం చేస్తాడు?" "మా అయ్య సెరుకు కొట్టడానికెల్లాడు." "సెరుకు కాదు, చెరుకు. ఎల్లాడు కాదు, వెళ్లాడు." మూడు మాటలాడితే మూడు తప్పులు. నాలుగో మాట ఆడుతుందా ఆ పిల్ల? నోరు మూసుకుంటుంది. అప్పుడు రిజిస్టర్లో "పిల్ల చురుకు కాదు" అని రాస్తారు.

ఆ టీచరు చెడ్డదని కాదు. ఆమెకి కూడా అలాగే నేర్పారు. మన యాస తప్పు అని ఎవరన్నారు? "నేను" ఒకరింటి మాట, "నాను" ఇంకొకరింటి మాట. పుస్తకంలో "నేను" ఉంటుంది, అది కూడా నేర్చుకోవాలి. కాని మొదటి నెలలో కాదు, తప్పు అని చెప్పి కాదు. గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని బళ్లన్నీ చేస్తాయి. ఆ గిడుగు గారు చేసిందేమిటి? పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర భాష తను నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ల మాటలోనే పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బళ్లు పెట్టాడు. పిల్లల భాష పంతులు నేర్చుకోవాలన్నాడు. వాడుక భాషలో రాసి చూపించిన గురజాడ పుట్టింది మన ఎస్.రాయవరంలోనే, ఇప్పుడది మన అనకాపల్లి జిల్లా. ఆ ఇద్దరి బొమ్మలకీ దండలు వేసి, ఆ పూటే ఒక పిల్ల "నాను" అంటే నవ్విన బడిని నేను చూశాను.

ఇక అక్షరాలు. గోడ మీద చార్టు మీకు గుర్తుండే ఉంటుంది. ఋ – ఋషి. ఒ – ఒంటె. ఔ – ఔషధం. మన గుంటలు ఋషిని ఎక్కడ చూస్తారు? ఒంటెని ఎక్కడ చూస్తారు? ఔషధం అని మన ఇంట్లో ఎవరంటారు, మందు అంటాం గాని? బొమ్మ తెలీదు, మాట తెలీదు, అక్షరం తెలీదు. తెలీని మూడిట్ని ఒకదానికొకటి కట్టి ఇస్తే పిల్ల ఏం చేస్తుంది? బట్టీ పడుతుంది. "అ ఆ ఇ ఈ" అని గడగడా అప్పచెప్తుంది. "ఈ ఇచ్చిన వరస కాకుండా మధ్యలోది చెప్పు" అంటే తెల్లమొహం వేస్తుంది. టీచరు బోర్డు మీద పాఠం రాస్తే చూసి ముత్యాల్లా రాస్తుంది, ఏం రాసిందో దానికే తెలీదు. అది రాయడం కాదు, బొమ్మ గీయడం.

ఇంటికెళ్లాక మీరే చూడండి, చదువు రాని తల్లయినా చూడొచ్చు. పిల్లని పుస్తకం తీసి చదవమనండి. గడగడా చదువుతుంది. అప్పుడు బొమ్మ మీద అరచెయ్యి పెట్టి మూసేయండి. మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి "ఇదేటమ్మా?" అనండి. పిల్ల మొదటినుంచి పాట అందుకుని ఆ మాట దాకా వస్తే, అది చదవడం కాదు. బలపం ఇచ్చి "మీ అప్ప పేరు రాయమ్మా" అనండి. పాఠంలో లేని పేరు కదా, రాస్తే వచ్చినట్టు.

నాకు ఈ సంగతి నౌకరీలో చేరగానే తెలియలేదు. నేనూ అందరిలాగే దిద్దించాను. తొంభైల్లో మాకు ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం శిక్షణ ఇచ్చారు, అప్పెప్ అనేవాళ్లం. డబ్బు బ్రిటన్ ప్రభుత్వానిది. ఎనభైల్లో కొన్ని బళ్లలో ప్రయోగంగా మొదలై, తరవాత రాష్ట్రమంతా పాకింది, 1996తో ముగిసింది. దాని సారం ఇంతే: పిల్లలు చేసి నేర్చుకోవాలి, చేసే పనిని టీచరే తయారుచెయ్యాలి, ఒక్కొక్కరుగా, జట్టుగా, తరగతి అంతా కలిసి పనిచెయ్యాలి, పిల్లకీ పిల్లకీ తేడా చూసుకోవాలి, ఊళ్లో ఉన్నదాన్నే వాడుకోవాలి, పిల్లలు చేసింది గోడకి పెట్టాలి. దానికి "కృత్యం" అని పేరు పెట్టారు. ఆ మాట మాకే నోరు తిరగలేదు. మా తోటి మేష్టర్లు "కృత్యం కాదమ్మా, కృత్రిమం" అని వేళాకోళం చేసేవారు. నేనూ నవ్వాను. ఇంగ్లండువాడు మాకు చింతపిక్కలు లెక్కపెట్టడం నేర్పుతాడా అనుకున్నాను.

అప్పుడు నా తరగతిలో ఒక పిల్లాడుండేవాడు. తండ్రి బెల్లం మార్కెట్లో కలాసీ. పిల్లాడు నాలుగు నెలలు నోరు విప్పలేదు. ఒకటి నుంచి ఇరవై దాకా చెప్పమంటే నేలచూపులు. నేనే "మందమతి" అని రాశాను, నా చేత్తో. ఒక ఆదివారం పని మీద మార్కెట్ వైపు వెళ్తే, వాడు తండ్రి దగ్గర బెల్లం దిమ్మల వరస పక్కన నిలబడి లెక్కపెడుతున్నాడు. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది... జతలు జతలుగా నలభై దాటిపోయాడు. ఒక దిమ్మ తక్కువైతే తండ్రికి చెప్పాడు. నన్ను చూసి నోరు మూసేశాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా పలక నేల మీద పెట్టించిన పంతులికీ నాకూ తేడా ఏమిటి? ఆయన పలక ముట్టుకోలేదు. నేను వాడి లెక్క ముట్టుకోలేదు.

సోమవారం నుంచి మొదలుపెట్టాను. చింతపిక్కలు, చీపురు ఈనెలు, మట్టితో చేసిన చిన్న చిన్న బెల్లం దిమ్మలు. పది ఈనెలు ఒక కట్ట. కట్టలెన్ని, విడివి ఎన్ని? మీ పిల్లలు ఇరవై ఒకటి రాయమంటే 201 అని రాస్తారు, చూశారా? దాన్ని చూసి టీచరు పెద్ద సున్నా చుడుతుంది. పిల్ల మొద్దు కాదు. విన్నది విన్నట్టు రాసింది: ఇరవై, ఒకటి. రెండు కట్టలూ ఒక ఈనె చేతిలో పెట్టి చూపిస్తే నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది. వామనగుంటలు ఆడిస్తే కూడికలు తీసివేతలు వాటంతట అవే వస్తాయి. ఆ ఆటలో నన్ను ఓడించని పిల్ల లేదు. మార్కెట్ పిల్లాడే జట్టుకి పెద్ద అయ్యాడు. మాట కూడా వచ్చింది, ఆగకుండా వచ్చింది.

వాడు కలెక్టరయ్యాడని చెప్పాలని నాకూ ఉంది. అవలేదు. తండ్రికి మోతపనిలో నడుం పడిపోయింది. అయిదు అవగానే బడి మాన్పించారు. అప్పటికి నేను వేరే ఊరు బదిలీ మీద వెళ్లిపోయాను. ఇప్పుడు వాడూ కలాసీయే. "లెక్కలో వాడిని ఎవరూ మోసం చెయ్యలేరండీ" అని చెప్తారు నాతో. నాకు సంతోషం కలగదు. ఒకటో తరగతిలో మొదటి నాలుగు నెలలు నేను పారేయకుండా ఉంటే ఏమయ్యేదో. బడిని మించిన పేదరికం ఉంది, అది కూడా నాకు తెలుసు.

అక్షరాలకి మార్గం ఏమిటన్నారు కదా ఇందాక ఒక తల్లి. నేను పేర్లతో మొదలుపెట్టేదాన్ని. మన వైపు నూకాలమ్మ తల్లి పుణ్యమా అని తరగతిలో సగం పేర్లు నూకతో మొదలు. ఒక ఏడు నాకు నూకరాజులు ఇద్దరు, నూకరత్నం, నూకాలమ్మ, నూకాలు, అందరూ ఒకే గదిలో. అట్టముక్కల మీద పేర్లు రాసి బల్ల మీద పోసేదాన్ని. పొద్దున్న రాగానే ఎవరి పేరు వాళ్లు వెతుక్కుని తాడుకి తగిలించాలి. అదే హాజరు. "నూక" దాకా అందరిదీ ఒకటే కదా, చివర చూస్తేగాని తనది దొరకదు. "నాది పొట్టిగుంది, దీనిది పొడుగ్గుంది" అని వాళ్లే తేల్చుకునేవారు. పది రోజుల్లో నూ, క, రా, లు, అమ్మ అన్నీ గుర్తుపట్టారు. ఎవరూ అ ఆలు చెప్పలేదు వాళ్లకి. నూకరాజులు ఇద్దరూ మాత్రం రోజూ కొట్టుకునేవారు, ఇంటిపేరు మొదటి అక్షరం కలిపితేగాని తగవు తీరలేదు. ఇంటిపేరు ఎందుకు ఉంటుందో అలా తెలిసింది వాళ్లకి.

తరవాత ఊళ్లో మాటలు. గ – గానుగ. చ – చెరుకు. బ – బెల్లం. ప – పెనం. చెరుకు పాకం కాగే పెనం దగ్గర కాచుక్కూచోని పిల్ల ఎవరు మన వైపు? పిల్లలు చెప్తారు, నేను బోర్డు మీద రాస్తాను, వాళ్లు చదువుతారు. "నాను పాకం తిన్నాను" అని చెప్తే అలాగే రాసేదాన్ని. తన మాట గోడెక్కిందని చూసుకున్న పిల్ల మొహం మీరు చూడాలి.

డ దగ్గర పేచీ వచ్చింది. ఒక పిల్లాడు డ – డప్పు అన్నాడు. రాశాను. సంఘం పెద్దాయన ఒకరు బడికొచ్చి నా మీద కేకలేశారు: "మళ్లీ మా గుంటలకి డప్పు నేర్పడానికా బడి?" ఆయన మాటలో న్యాయం ఉంది. తరతరాలు మెడకి కట్టిన పనిని పుస్తకంలో కూడా కట్టకండి అంటున్నాడాయన. నేనేమన్నానంటే, బాబూ, పని అంటగట్టడం వేరు, మాట చదవడం వేరు. ఊరి పిల్లలందరూ ఆ మాట చదువుతున్నారు, మన పిల్లాడు ఒక్కడే కాదు. పక్కన డ – డాక్టరు కూడా పెట్టాను. ఆయన ఇప్పటికీ ఒప్పుకోలేదు. అదిగో, వెనకాల కూర్చుని నవ్వుతున్నారు.

అప్పెప్ అయిపోయాక ఇంకో పథకం, దాని తరవాత ఇంకోటి. ఇప్పుడు కేంద్రం 2021లో పెట్టిన నిపుణ్ భారత్ ఉంది, మూడో తరగతి అయ్యేసరికి ప్రతి పిల్లా అర్థంతో చదవాలి, లెక్క చెయ్యాలి అంటుంది. మంచి మాటే. కాని ప్రతి పథకం చివరికి రికార్డుగా మారిపోతుంది. అప్పట్లో చార్టులు కట్టి అటక మీద పెట్టి, ఆఫీసరు వచ్చిన రోజు దింపేవాళ్లం. ఇప్పుడు టీచరు పిల్లల మధ్య ఉండవలసిన టైములో ఫోన్లో ఫొటోలు ఎక్కిస్తున్నాడు. పాపం, టీచర్ని కూడా అనలేం అన్నిసార్లూ.

మధ్యాహ్నం భోజనం మాట. సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న వండిన అన్నం పెట్టమంది, మన రాష్ట్రంలో 2003లో మొదలైంది. వంటకి దళితులకి ముందు అవకాశం ఇవ్వాలని అదే కోర్టు 2004 ఏప్రిల్‌లో చెప్పింది. ఇది మనవాళ్లలో చాలామందికి తెలీదు. ఒక ఊళ్లో మన పేట ఆమె వంటకి వచ్చింది. ఊరి పిల్లలు కొందరు నెల రోజులు ఇంటినుంచి క్యారేజీలు తెచ్చుకున్నారు. కాని ఒకటో తరగతి పిల్లలు మాత్రం వరసలో నిలబడి తిన్నారు, మారు అడిగారు. వాళ్లకింకా కులం సరిగా రాదు. సాయంత్రం ఇళ్ల దగ్గర చెప్పారు కాబోలు, మర్నాడు వాళ్ల చేతిలోనూ క్యారేజీలు. అక్షరం లాగే అది కూడా ఎవరో దిద్దించాలి. వరసగా పళ్లేలు పట్టుకుని కలిసి కూర్చుని తినడం కూడా పాఠమే, లెక్కల పాఠం కన్నా తక్కువది కాదు. అది ఏ రికార్డులోనూ ఉండదు.

ఇప్పుడు అందరూ అడిగేది అడుగుతారు: ఇంగ్లీషు మీడియమా, తెలుగు మీడియమా? 2019 నవంబరులో ఇంగ్లీషు మీడియం జీవో వచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది, అయినా బళ్లలో ఇంగ్లీషు వచ్చింది, ఒక పేజీ తెలుగు ఎదురు పేజీ ఇంగ్లీషుగా పుస్తకాలు వచ్చాయి. తెలుగుతల్లి చచ్చిపోతోందని ఏడ్చినవాళ్ల పిల్లలు ఎక్కడ చదువుతున్నారో మనకి తెలుసు. మనకి ఇంగ్లీషు వద్దు అనే హక్కు వాళ్లకి లేదు. మన పిల్లకి ఇంగ్లీషు కావాలి, గట్టిగా కావాలి. అయితే ఒక్క మాట, నన్ను తిట్టినా సరే. ఋషిని బట్టీ పట్టిన పిల్లే ఆపిల్‌ని బట్టీ పడుతుంది. చదవడం అంటే ఏమిటో ఒక్కసారి, తన నోటి మాటలో తెలిస్తే, రెండో భాషలో దారి వెతుక్కుంటుంది. అది తెలియకుండా కాన్వెంటులో వేలకి వేలు పోసి ఏ బీ సీ డీ నాలుగు గీతల కాపీలో నింపించినా, అదీ బొమ్మ గీయడమే. టై కట్టుకున్న బొమ్మ.

బడి మిగలాలి కదా ముందు. 2022లో 117 నంబరు జీవోతో మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని చాలాచోట్ల హైస్కూళ్లకి తీసుకుపోయారు. పేటల్లో ఒకటీ రెండూ మిగిలాయి, ఒక టీచరు మిగిలాడు. 2025లో ఆ జీవో రద్దు చేసి బళ్లని మళ్లీ వేరే రకంగా విడదీశారు. పై వాళ్లు కలిపినప్పుడల్లా, విడదీసినప్పుడల్లా మన గుంటలు సంచీ పట్టుకుని రోడ్డు దాటాలి. చట్టం ఏం చెప్తుందో గుర్తుపెట్టుకోండి: అరవై మంది లోపు పిల్లలున్నా ప్రాథమిక పాఠశాలకి ఇద్దరు టీచర్లుండాలి. ఒక్కడే ఉంటే, అయిదో తరగతికి లెక్క చెప్తున్నప్పుడు ఒకటో తరగతి ఏం చేస్తుంది? "నోరు మూసుకుని రాయండి" అంటాడు. రాస్తారు. పలకలు నిండుతాయి.

పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలి అని కూడా ఎవరూ ఆలోచించరు. మన పక్కనే శంకరం దగ్గర బొజ్జన్నకొండ ఉంది. సంఘారామం అన్నదే శంకరం అయిందంటారు. బౌద్ధ భిక్షువులు ఉండి చదువుకున్న చోటు. కొన్నేళ్ల కిందటిదాకా కనుమ రోజున జనం వెళ్లి ఆ రాళ్ల మీదే రాళ్లు విసిరేవాళ్లు, రాక్షసుడని. నేను ఒకటో తరగతిని తీసుకెళ్లి మెట్లు లెక్కపెట్టించాను, పక్కన లింగాలకొండ మీద వరసగా ఉన్న స్తూపాలు లెక్కపెట్టించాను. సగంలో లెక్క తప్పారు, మళ్లీ మొదటికొచ్చారు. ఒక పిల్ల "ఎవులు సెక్కారు టీచర్?" అని అడిగింది. ఆ ప్రశ్న పుస్తకంలో లేదు.

పూనాలో సావిత్రీబాయి, జోతీబా పూలే 1848లో ఆడపిల్లలకి బడి పెట్టారు, తరవాత మాంగ్, మహర్ పిల్లలకి పెట్టారు. అక్కడ చదువుకున్న ముక్తాబాయి అనే పధ్నాలుగేళ్ల మాంగ్ పిల్ల 1855లో తన కులం వాళ్ల కష్టం మీద వ్యాసం రాసింది, పత్రికలో అచ్చయింది. పంతులు చెప్పింది చూసి రాసే పిల్ల అలా రాయలేదు. ఎవరో ఆ పిల్లని మొదట్లోనే "నీకేం కనపడుతోంది, చెప్పు" అని అడిగి ఉంటారు.

ఇక పని మాట చెప్పి కూర్చుంటాను. 2025లో తల్లికి వందనం కింద 13 వేలు పడ్డాయా లేదా అని ప్రతి తల్లీ బ్యాంకుకి పరుగెట్టింది. తప్పు లేదు, మన డబ్బు. పిల్లకి అక్షరం పడిందా అని ఎంతమంది బడికి వెళ్లాం? విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం స్కూలు కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లుండాలి, బలహీనవర్గాల తల్లిదండ్రులకి వాళ్ల లెక్క ప్రకారం చోటుండాలి. ఆ కమిటీలో ఇప్పటిదాకా మన పేటనుంచి వేలిముద్ర వెళ్లింది, మనిషి వెళ్లలేదు. మీటింగు ఎప్పుడు అని అడిగి వెళ్లండి. సిమెంటు, రంగుల మాట వాళ్లే ఎత్తుతారు. మీరు ఒకటో తరగతి మాట ఎత్తండి. మా పిల్ల ఎక్కడ కూర్చుంటోంది, చీపురు ఎవరికిస్తున్నారు, మాట్లాడితే నవ్వుతున్నారా, బొమ్మ మూస్తే చదువుతోందా? టీచరు మీద దండయాత్రకి వెళ్లకండి. చింతపిక్కలు ఓ సంచెడు పట్టుకెళ్లండి, మూలనున్న ముసలమ్మ ఎవరైనా వెళ్లి గంటసేపు కథ చెప్పండి. కుర్రాళ్లూ, మీరు జయంతికి ఫ్లెక్సీ కట్టడానికి వేసుకునే చందాలో కొంత తీసి, సాయంత్రం ఈ బొమ్మ దగ్గరే లైటు కింద ఒకటీ రెండూ తరగతుల పిల్లల్ని కూర్చోబెట్టండి. డిగ్రీ చదివినవాళ్లు నలుగురున్నారు ఈ పేటలో. ఒకటో తరగతికి చెప్పడం చిన్నతనం అనుకోకండి. ఎలా చెప్పాలో నేను చూపిస్తాను.

సోమవారం తొమ్మిదింటికి బడి తీసేసరికి నేను వస్తాను, ముందుగా హెడ్మాస్టరు గారితో మాట్లాడాను, ఒప్పుకున్నారు. నాతో ఇద్దరు తల్లులు కావాలి, కూలి పోతుంది ఆ పూట, ముందే చెప్తున్నాను. ఎవరొస్తారో ఇప్పుడే చేతులెత్తండి. ఏటమ్మా, ఒక్కటే చెయ్యి కనపడుతోంది?

జై భీమ్.